రెండో బంతి

ఆటల గురించి నేను వ్యాసం రాస్తున్నానని తెలిసి మా ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నవ్వరూ మరి! చిన్నప్పుడు నేనాడినవి చెమ్మచెక్క, అష్టాచెమ్మ. కాలేజీలో టెన్నికాయిట్ జట్టులో నా పేరుండేది కాని, అది ఎవరికైనా జ్వరమొస్తే పిలవడానికి రాసుకున్న పేరు. మూడేళ్ళలో ఒక్కరికీ జ్వరం రాలేదు.

అలాంటిదాన్ని, 2024 జనవరి నుంచి మార్చి ఆఖరు దాకా ఒక ఆటకి బానిసనైపోయాను. అంతటితో ఆగినా బాగుండేది. ముక్కూ మొహం తెలియని పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని నోటికొచ్చినట్టు అనేశాను కూడా. ఆ అన్న మాట గురించే ఈ వ్యాసం.

మా అక్కయ్యకి మోకాలి ఆపరేషన్ అయితే సాయానికని వెళ్ళాను. వాళ్ళుండేది అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్ అనే ఊళ్ళో. గుర్రాలకీ, బాస్కెట్‌బాల్‌కీ పేరుపడ్డ ఊరు. గుర్రాలని దూరం నుంచి చూశాను. బాస్కెట్‌బాల్ మాత్రం ఇంట్లోనే కాపరముంది.

మా బావగారు ఇంజనీరు. నెమ్మదైన మనిషి. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళవుతున్నా అక్కయ్యని పేరుపెట్టి గట్టిగా పిలవగా నేను వినలేదు. ఆయనకి ఇంట్లో రెండు గదులు పవిత్రం. ఒకటి దేవుడి గది, రెండోది టీవీ గది. దేవుడి గదిలోనన్నా మధ్యలో ఫోనొస్తే మాట్లాడతారు కాని, యూనివర్సిటీ ఆఫ్ కెంటకీ జట్టు ఆడుతున్నప్పుడు టీవీ గదిలో మాట్లాడరు. ఆయనకో నీలం చొక్కా ఉంది. జట్టు గెలుస్తున్నన్నాళ్ళూ దాన్ని ఉతకనివ్వరు. "ఇదే చొక్కా వేసుకుని పిల్లాడి స్కూలుకొచ్చారే, నేనెక్కడ తలపెట్టుకోను?" అని అక్కయ్య గోల. జట్టు ఓడిపోయిన రోజున అక్కయ్య మొహంలో చిన్న వెలుగు కనిపించేది. చొక్కా ఉతుక్కోవచ్చు కదా!

సాయంత్రాలు నేను ఆ గదిలోనే కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తూ ఉండేదాన్ని. కళ్ళున్నాయి కనక చూశాను. చూశాను కనక అడిగాను. "బావగారూ, ఐదుగురున్నారు కదా, ప్రతిసారీ ఆ ఒక్క కుర్రాడే బంతి తెస్తాడేం? మిగతావాళ్ళకి చేతుల్లేవా?"

ఆయన మొహం చూడాలి! పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పటికప్పుడు టీవీ గొంతు తగ్గించి పాఠం మొదలుపెట్టారు.

ఆ బంతి తెచ్చే కుర్రాడిని పాయింట్ గార్డ్ అంటారట. బంతి చేతికొచ్చిన పది సెకన్లలో సగం మైదానం దాటించాలి. ముప్ఫై సెకన్లలోపల జట్టులో ఎవరో ఒకరు దాన్ని బుట్టలోకి విసరాలి. ఆ ఎవరో ఎవరన్నది చూడాల్సినవాడు ఇతను. తన మీదికి ఒకడు చేతులు చాపుకుని వస్తూనే ఉంటాడు. వాణ్ణి తప్పించుకుంటూ, మిగతా నలుగురూ ఎక్కడున్నారో, వాళ్ళలో ఎవరికి సందు దొరికిందో కనిపెట్టి, వాడి చేతికి వాడనుకున్న క్షణానికి బంతి అందించాలి. వాడు వేస్తే పాయింట్లు వాడి ఖాతాలో. అందించినవాడికి 'అసిస్ట్' అని పక్క గడిలో ఒక చిన్న గీత. అందించబోయి జారవిడిస్తే మాత్రం తప్పు మొత్తం ఇతనిదే.

"అర్థమైంది. వడ్డించేవాడన్నమాట!" అన్నాను.

బావగారు ఒక్క నిమిషం ఆలోచించి, పెద్దగా నవ్వారు. నవ్వడం కాదండీ, మీరే చెప్పండి. వందమంది కూర్చున్న పంక్తిలో ఎవరి ఆకులో ఏది అయిపోయిందో, ఎవరు మొహమాటపడి అడగడం లేదో, ఎవరు పప్పులోనే ఉన్నారో, ఎవరు మజ్జిగ దాకా వచ్చేశారో చూసుకుంటూ తిరగాలా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని మనవాళ్ళు ఊరికే అన్నారా? తిన్నవాళ్ళు వంట బాగుందంటారు. వడ్డన బాగుందని ఎవరంటారు? నెయ్యి ఒక్కరికి మర్చిపోతే మాత్రం ఆ ఒక్కరూ పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

ఆ ఏడు వడ్డించే గరిట ఒక కొత్త కుర్రాడి చేతిలో పెట్టారు. కాలేజీలో మొదటి ఏడాది చదివేవాణ్ణి అక్కడ 'ఫ్రెష్‌మన్' అంటారు. వింటుంటే ఇప్పుడే బుట్టలోంచి దింపిన బెండకాయల్లా అనిపించింది నాకు. ఆ కుర్రాడి పేరు డి.జె. వాగ్నర్. స్కూల్లో ఉండగానే తన ఈడు పిల్లల్లో దేశం మొత్తానికి మొదటివాడని కొన్నాళ్ళు పేరు మోగిపోయిందట.

దానికి తోడు వంశం. ఇతని తాత మిల్ట్ వాగ్నర్, 1986లో జాతీయ ఛాంపియన్లయిన లూయివిల్ యూనివర్సిటీ జట్టులో ఆటగాడు. 1988లో లాస్ ఏంజెలిస్ లేకర్స్ గెలిచినప్పుడు ఆ జట్టులోనూ ఉన్నాడు. లూయివిల్ అంటే ఎనభై మైళ్ళ దూరంలో ఉన్న పక్క ఊరు, ఆటలో లెక్సింగ్టన్‌కి ఆగర్భ శత్రువు. ఇక తండ్రి డజువాన్ వాగ్నర్, 2001లో స్కూలు ఆట ఒకదాంట్లో ఒక్కడే నూరు పాయింట్లు చేసినవాడు. ఒక్క ఏడాది కాలేజీలో ఆడి, 2002లో దేశం మొత్తమ్మీద ఆరోవాడుగా పెద్ద జట్టుకి ఎంపికయ్యాడు. పాపం, పెద్దపేగుకి జబ్బుచేసి ఆ ఆట నాలుగు రోజుల ముచ్చటైపోయింది. ఆ తండ్రికి కాలేజీలో ఆట నేర్పిన జాన్ కాలిపారీయే ఇప్పుడు కెంటకీలో కోచ్. న్యూజెర్సీలో కామ్డెన్ అనే ఊళ్ళో తాత, తండ్రి, మనవడు ముగ్గురూ ఒకే స్కూల్లో ఆడారు. తాత, తండ్రి పెద్ద ఆటకి వెళ్ళారు కనక మనవడు కూడా వెళ్ళి తీరాలని, మూడు తరాల ముచ్చట తీరాలని, లోకం ముందే రాసి పెట్టేసుకుంది.

"ఇంతకీ కుర్రాడు ఎలా ఆడుతున్నాడండీ?" అన్నాను.

బావగారు నిట్టూర్చారు. "బాగానే ఆడుతున్నాడు. అదే వచ్చిన చిక్కు."

ఆ మాట నాకు తర్వాత గాని అర్థం కాలేదు. ఆటకి పది పాయింట్లకి పిసరు తక్కువ సగటు. మొదటి ఏడాది పిల్లాడికి తీసిపారేసే లెక్కేమీ కాదు. మధ్యలో చీలమండ దెబ్బతిని కొన్ని ఆటలు ఆడలేకపోయాడు కూడా. ఇంకే పేరున్న కుర్రాడైనా అయితే భుజం తట్టేవారు. కాని ఇతని కోసం ఊరు వేసుకున్న పీట వేరు. ఆ పీట మీద ఎవరు కూర్చున్నా పొట్టిగానే కనిపిస్తారు.

ఆ పీట ఎవరు వేశారో కూడా బావగారే చెప్పారు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదట. 1972కి ముందు మొదటి ఏడాది పిల్లల్ని అసలు పెద్ద జట్టులో ఆడనిచ్చేవారే కాదు. ఏడాదిపాటు చిన్న జట్టులో ఆడుకుంటూ, పెద్దవాళ్ళని చూస్తూ నేర్చుకోవాలి. తర్వాత ఆ నియమం పోయింది. ఆ పైన ఎన్.బి.ఎ. వాళ్ళు, అంటే డబ్బిచ్చి ఆడించే పెద్ద ఆటవాళ్ళు, 2006 నుంచి ఇంకో నియమం పెట్టారు. స్కూలు ముగిశాక ఏడాది గడిస్తే గాని అమెరికా పిల్లల్ని తీసుకోమన్నారు. దాంతో గొప్ప ఆటగాళ్ళందరికీ కాలేజీ ఒక్క ఏడాది సత్రమైపోయింది. 2009లో కాలిపారీ కెంటకీకి వస్తూనే జాన్ వాల్ అనే కుర్రాణ్ణి తెచ్చాడు. మొదటి ఏడాదే పాయింట్ గార్డ్. ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. 2010లో దేశంలో మొట్టమొదటివాడుగా ఎంపికై వెళ్ళిపోయాడు. 2012లో జట్టు జాతీయ ఛాంపియనైనప్పుడు కూడా బంతి నడిపింది మొదటి ఏడాది కుర్రాడే. అప్పట్నుంచీ ప్రతి అక్టోబరులోనూ ఊరంతా నీలం బట్టలు కట్టుకుని కొత్తవాడి కోసం గుమ్మంలో నిలబడుతుంది.

ఏటేటా కొత్త కోడలొచ్చే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించండి! వచ్చిన మర్నాడే పొయ్యి ముందు నిలబెట్టి, పండక్కల్లా గొప్ప ఇల్లాలనిపించుకోమని, ఉగాది వెళ్ళగానే పంపించేసే ఇల్లు. నేర్చుకోవడానికి ఆ పిల్లకి టైములేదు. ఓపిక పట్టడానికి అత్తగారికి టైములేదు. ఇందులో నిజానికి ఎవరూ చెడ్డవాళ్ళు కారు. వ్యవధి లేదంతే.

ఫిబ్రవరి 10న, శనివారం సాయంత్రం, బావగారు నన్ను ఆటకి తీసుకెళ్ళారు. టిక్కెట్టు అక్కయ్యది. మోకాలితో మెట్లెక్కలేదు కనక నాకు దక్కింది. రప్ అరీనా అని ఆ మైదానం పేరు. 1976లో కట్టారు. ఇరవై వేలమంది ఒక కప్పు కింద ఒకే రంగు కట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను. నా పక్కన కూర్చున్న ముసలావిడ ఊలు అల్లుకుంటూ ఆట చూస్తోంది. నన్ను చూసి చిరునవ్వు నవ్వి, పొట్లంలోంచి వేరుశనక్కాయలు తీసి చేతిలో పెట్టింది. మా మేనత్తని చూసినట్టనిపించింది. ఆట మొదలయ్యాక బంతి ఒకసారి చేజారగానే అదే ఆవిడ, ఊలు సూదులు గాల్లోకెత్తి అరిచిన అరుపుకి నా చేతిలో గింజలు కిందపడ్డాయి.

ఆ రోజు గొంజాగా అనే జట్టు చేతిలో 89-85 తేడాతో ఓడిపోయాం. చూశారా, 'ఓడిపోయాం' అంటున్నాను! నెల తిరక్కుండానే నేను కూడా ఇంటిమనిషినైపోయాను. ఆ మైదానం కట్టాక సొంత గడ్డ మీద వరసగా మూడు ఆటలు ఓడడం అదే మొదటిసారిట. బయటికొస్తున్న జనంలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. శవాన్ని సాగనంపి వస్తున్నట్టు ఉంది.

కారులో బావగారు రేడియో పెట్టారు. ఆట ముగియగానే జనం ఫోన్లు చేసి మనసులో మాట చెప్పుకునే కార్యక్రమాలు అక్కడ మామూలు. ఒకాయన లారీ నడుపుతూ ఫోన్ చేశాడు. ఒకావిడ పిల్లల్ని పడుకోబెట్టి వచ్చానంది. పిలిచినవాళ్ళల్లో ఎక్కువమంది పిల్లల పేర్లు ఎత్తి మరీ అన్నారు. ఇంత డబ్బు పుచ్చుకుంటున్నారు కదా, ఆడాలి కదా అని ఒకాయన. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరుమీదా బొమ్మమీదా డబ్బు సంపాదించుకోవచ్చని అక్కడ అనుమతి వచ్చింది. మంచిదే. ఇన్నాళ్ళూ వాళ్ళ పేరు చెప్పుకుని ఎవరెవరో గడించారు. కాని దాంతో జనం గొంతులో ఒక తేడా వచ్చిందని బావగారు అన్నారు. "ఇదివరకు మనవాడు ఓడాడని బాధపడేవాళ్ళు. ఇప్పుడు కూలికొచ్చినవాడు పని ఎగ్గొట్టాడన్నట్టు మాట్లాడుతున్నారు."

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

అక్కయ్యకి లేక లేక పుట్టిన కొడుకు చంటి. అదే యూనివర్సిటీలో వాడూ మొదటి ఏడాదే. డాక్టరు చదువుకి పునాది అనదగ్గ చదువు చదువుతున్నాడు. ఉండేది హాస్టల్లో. శనాదివారాలు మాసిన బట్టల సంచీ వేసుకుని ఇంటికొస్తాడు. ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి అందరం టీవీ ముందున్నాం. వాగ్నర్ చేతిలోంచి బంతి జారింది. అవతలివాడు అందుకుని పరుగెత్తి వేసేశాడు.

నేను చిక్కుడుకాయ కింద పారేసి, "ఛీ! వీడి చేతకానితనం మండా! తాత అంతటివాడు, తండ్రి అంతటివాడు, వీడేమిటి ఇలా తగలడ్డాడు!" అన్నాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. చంటి మాత్రం తల తిప్పి నావంక చూశాడు.

"అతనిదీ నా వయసే పిన్నీ" అన్నాడు.

అంతే అన్నాడు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి నేనూ వెళ్ళాను. వాడు సింకు దగ్గర నిలబడి, ఎవరూ చెప్పకుండానే, గిన్నెలు కడుగుతున్నాడు. మగపిల్లలు అడక్కుండా గిన్నెలు కడుగుతున్నారంటే ఏదో చెప్పబోతున్నారని అర్థం. తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాను. నాలుగు గ్లాసులయ్యాక చెప్పాడు. మొదటి టర్ములో కెమిస్ట్రీ పోయిందట. డి వచ్చింది. అది మళ్ళీ కట్టి ఇప్పుడు రెండోసారి చదువుతున్నాడు. ఇంట్లో తెలియదు. మా అక్కయ్య అదే సబ్జెక్టులో యూనివర్సిటీ మొదటి ర్యాంకు. మా బావగారి నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు సైన్సు మాస్టారు.

"నాన్న ఏమీ అనరు పిన్నీ. అదే భయం. 'తాతగారి మనవడివి' అంటారంతే" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. టీవీలో కుర్రాడికి నా మాట వినబడదులే అనుకుని అనేశాను. వినబడాల్సినవాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు.

ఇంకో విషయం కూడా గుర్తొచ్చింది. నా పెళ్ళయిన కొత్తలో మా మామగారి షష్టిపూర్తి జరిగింది. మా అమ్మ చేతివంటకి ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళలో పేరు. 'ఆవిడ కూతురు' అని నాకు ముందే పెద్ద పీట వేసేశారు. మొదటి బంతికి పప్పు గిన్నె నా చేతికిచ్చారు. గిన్నెలో పప్పు, గుండెలో దడ. ఎవరి ఆకు ఖాళీ అయిందో చూసుకుంటూ పరుగెత్తి, కొందరికి రెండేసిసార్లు వేశాను. చివర కూర్చున్న పెద్దమామగారిని పూర్తిగా మర్చిపోయాను. ఆయన ఉత్త అన్నం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. "ఆ మహాతల్లి కూతురేనా ఈ పిల్ల!" అని ఎవరో అననే అన్నారు. వంటింట్లోకి వచ్చి గోడవైపు తిరిగి ఏడుస్తూ నిలబడ్డాను.

మా పెద్దత్తగారు వచ్చారు. ఓదార్చలేదు. గిన్నె చేతిలోంచి లాక్కోనూ లేదు. "ఆకుల వంక చూడకే పిల్లా, మనుషుల వంక చూడు. ఎవరి చెయ్యి ఆగిందో వాళ్ళ దగ్గరికి వెళ్ళు. మొహం కడుక్కో. రెండో బంతికి కూడా నువ్వే వడ్డించాలి" అన్నారు.

రెండో బంతికి వడ్డించాను. అద్భుతంగా వడ్డించానని చెప్పను. ఒక్కరిని కూడా మర్చిపోలేదు. అంతే.

ఆవిడ నా మీద ఆశ తగ్గించుకోలేదని ఇప్పుడు అర్థమవుతోంది. ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. పిల్లలమీద ఆశ పెట్టుకోకపోతే వాళ్ళకే కోపం వస్తుంది. కాని ఆశ పెట్టుకున్నవాళ్ళు రెండో బంతి దాకా ఉండాలి. మొదటి బంతిలోనే లెక్క తేల్చేసి ఆకులు ఎత్తేస్తే ఎవరు మాత్రం వడ్డన నేర్చుకుంటారు?

ఇదే జట్టులో దీనికి ఎదురు కథ కూడా నా కళ్ళముందే జరిగింది. రీడ్ షెపర్డ్ అని ఇంకో మొదటి ఏడాది కుర్రాడు. అదే రాష్ట్రంలో లండన్ అనే చిన్న ఊరివాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకప్పుడు కెంటకీకి ఆడినవాళ్ళే. తండ్రి 1998లో జట్టు జాతీయ ఛాంపియనైనప్పుడు ఆఖరి ఆటల్లో ఉత్తముడనిపించుకున్నాడు. వంశం ఇక్కడా ఉంది. కాని స్కూలు పిల్లల జాబితాల్లో ఇతని పేరు కిందెక్కడో ఉండేది. మనూరి పిల్లాడు, వచ్చాడు, నాలుగేళ్ళుంటాడు, మెల్లిగా నేర్చుకుంటాడులే అనుకున్నారు. ఎక్కువ ఆటల్లో మొదట బెంచీమీదే కూర్చున్నాడు. ఆ 'మెల్లిగా' అన్న మాట నీడలో చల్లగా కూర్చుని ఆ కుర్రాడు ఏం చేశాడో తెలుసా? దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బంతులు నూటికి 52 బుట్టలో వేశాడు! ఫిబ్రవరి 27న మిసిసిపీ స్టేట్ మీద ఆఖరి క్షణంలో వేసి గెలిపించాడు. బావగారి నీలం చొక్కాకి మళ్ళీ ఉతుకు యోగం తప్పింది.

ఆ మర్నాటి నుంచి చూడండి. ఊరంతా రీడ్, రీడ్, రీడ్. వాగ్నర్ కింద నుంచి తీసిన పీట షెపర్డ్ కింద వేశారు.

మార్చి 21, గురువారం రాత్రి. అరవయ్యెనిమిది జట్లు ఆడే జాతీయ పోటీలో మొదటి ఆట, పిట్స్‌బర్గ్‌లో. అవతల ఓక్లాండ్ అనే చిన్న యూనివర్సిటీ. ఆ పేరు బావగారు కూడా అంతగా వినలేదు. వాళ్ళ జట్టులో జాక్ గోల్కీ అని ఒకడు, అప్పటికే డిగ్రీ పూర్తిచేసి పై చదువుకొచ్చినవాడు. కోవిడ్ ఏడాది ఆడినవాళ్ళకి ఒక ఏడు అదనంగా ఇచ్చారు కనక ఆ రోజుల్లో అలాంటి పెద్దవాళ్ళు చాలా జట్లలో ఉండేవాళ్ళు. మన పిల్లలు కళ్ళప్పగించి చూస్తుండగా అతను మూడు పాయింట్ల బంతులు పది వేశాడు. 80-76. ఓడిపోయాం. ఊరు ఆశలన్నీ పెట్టుకున్న షెపర్డ్ ఆ రాత్రి చేసినవి మూడే పాయింట్లు.

అక్కయ్య నోరెత్తలేదు. చొక్కా సంగతి కూడా ఎత్తలేదు. బావగారు మెల్లిగా లేచి వంటింట్లోకి వెళ్ళి ఫోను తీశారు. ఇరవై ఏళ్ళుగా వింటున్న ఆ రేడియో కార్యక్రమానికి ఆయన ఫోన్ చేయడం అదే మొదటిసారి. ముప్పావుగంట నిలబడ్డారు. ఏమంటారో అని మేం ఇద్దరం బిక్కుబిక్కుమంటూ రేడియో దగ్గర కూర్చున్నాం. చివరికి ఆయన గొంతు వినిపించింది. అచ్చం మన గుంటూరు ఇంగ్లీషు.

"ఇందాకట్నుంచీ అందరూ పిల్లల్నే అంటున్నారు. అనాలంటే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని అనండి. వీళ్ళకి పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళు. మా ఇంట్లోనూ ఒకడున్నాడు. వాడు పొద్దున్నే లేచి క్లాసుకి వెళ్ళడమే మాకు పెద్ద విజయం. థాంక్యూ."

పావుగంటలో వీధి తలుపు చప్పుడైంది. చంటి! హాస్టల్లో స్నేహితులంతా రేడియో వింటున్నారట. బూట్లయినా విప్పకుండా నాన్న ఎదురుగా నిలబడి కెమిస్ట్రీ సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

కథయితే ఇక్కడ తండ్రి కొడుకుని కావలించుకుంటాడు. నేనే అయితే అలాగే రాసేదాన్ని. జరిగింది వేరు. బావగారి మొహం ఎర్రబడింది. "మీ అమ్మ ఏ సబ్జెక్టులో ర్యాంకు తెచ్చుకుందిరా? మీ తాతగారు ఎంతమందికి చెప్పారు ఆ సబ్జెక్టు? ఆయన మనవడివై ఉండి..."

నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం! "బావగారూ, ఇందాక రేడియోలో ఒక పెద్దమనిషి చాలా బాగా మాట్లాడాడు. ఆయన ఇంట్లోనే ఉంటే ఒకసారి పిలుస్తారా?" అన్నాను.

అక్కయ్య ఊపిరి బిగబట్టింది. ఆయన నావైపు చూశారు. కొడుకు వైపు చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టిన చప్పుడు వినిపించింది.

"అన్నం తిన్నావా?" అని అక్కణ్ణుంచే అడిగారు.

మన ఇళ్ళలో తండ్రులు క్షమించమని అడిగేది ఆ మాటతోనే. కొడుకు కూర్చున్నాడు. తండ్రి వడ్డించాడు. రెండోసారి పప్పు వేస్తూ, "ఇప్పుడెలా వస్తోంది కెమిస్ట్రీ?" అన్నారు. "ఫరవాలేదు" అన్నాడు వాడు.

నెలాఖరుకి నేను ఇంటికొచ్చేశాను. ఆ ఏప్రిల్‌లో కోచ్ కాలిపారీ కెంటకీ వదిలి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. జూన్‌లో పెద్ద జట్ల ఎంపికలో రీడ్ షెపర్డ్ దేశంలో మూడోవాడుగా వెళ్ళాడు. నాలుగేళ్ళుంటాడనుకున్నవాడు ఒక్క ఏడాదిలో వెళ్ళిపోయాడు. ఏడాదిలో వెళ్ళిపోతాడని ఊరంతా రాసిపెట్టుకున్న వాగ్నర్ ఎంపికకే వెళ్ళలేదు. కోచ్ వెంట ఆర్కన్సాకి వెళ్ళి, కాలేజీలో రెండో ఏడాది మొదలుపెట్టాడు. కొందరు అయ్యో అన్నారు. నాకు మాత్రం సంతోషమేసింది. పోనీలే, రెండో బంతి దొరికింది పిల్లాడికి! 2025 మార్చిలో వాళ్ళ జట్టు జాతీయ పోటీలో ఆఖరి పదహారు జట్ల దాకా వచ్చింది.

ఆ ఏడంతా ఆట జరిగిన మర్నాడు ఫోనులో ఆ అంకెలు వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. పాయింట్ల గడి చూసేదాన్ని కాదు. పక్క గడి చూసేదాన్ని, ఎవరెవరికి వడ్డించాడో అని.

చంటికి కెమిస్ట్రీలో రెండోసారి బి వచ్చింది. ఎ కాదు. బావగారు ఆ మాట నాకు ఫోనులో చెబుతూ, "బాగానే చదువుతున్నాడమ్మా" అన్నారు.

ఈసారి చిక్కేమీ లేనట్టు అన్నారు.